గోవిందరావు పీకిన వైరు

గోవిందరావుది పెద్ద గొంతు. కంచిలికి తూర్పున ఉద్దానంలో ఆయన జీడితోట. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర జీడిపిక్కలేరుతున్న ఆడవాళ్లు తలెత్తి చూసేవారు. ఆ గొంతుతోనే ఒకసారి పంచాయతీ వార్డు మెంబరయ్యాడు. గట్టు తగాదా వచ్చినా, మొగుడూ పెళ్లాం గొడవపడినా ఊళ్లోవాళ్లు ఆయన్నే పిలిచేవారు. వెళ్లి, ఇద్దరూ చెప్పేది పూర్తిగా వినకుండానే తప్పెవరిదో తేల్చేసేవాడు. చాలాసార్లు సరిగ్గానే తేల్చేవాడు కూడా. అందుకే కాబోలు, తన తీర్పు తప్పుతుందేమోనన్న అనుమానం ఆయనకెన్నడూ రాలేదు.

ఒక్కతే కూతురు, సౌజన్య. టెక్కలిలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. హాస్టల్ తిండి పడక చందన, ధరణి అనే ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక మేడమీద గది అద్దెకు తీసుకుంది. కింద ఇంటివాళ్లుంటారు. వాళ్లెవరు, ఎలాంటివాళ్లు అని ఆరా తీసి గోవిందరావే ఆ గదికి సరేనన్నాడు.

పిక్కలు దిగుతున్న రోజుల్లో సరుకు వేసుకుని కాశీబుగ్గ వెళ్లాడు. అక్కడ కొనుగోలుదారు తిరుపతిరావు ఆయనకి వరసకి బావమరిది. బస్తాలు కాటా వేయిస్తూ మెల్లగా మాట కదిపాడు. వాళ్లబ్బాయి కూడా టెక్కలిలోనే చదువుతున్నాడు, వాడు చెప్పిన సంగతట.

"బావా, ఏటనుకోకు. మీ సౌజన్య గది సినిమా హాలైపోనాదంట. పెద్ద టీవీ, సౌండుబాక్సులు. ఆదోరం వత్తే జనమేనంట."

పక్కన మరో నలుగురు రైతులున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా బస్తాలకేసి చూడడమే గోవిందరావుకి ఎక్కువ గుచ్చుకుంది.

వచ్చిన ఆదివారం, భార్య జానకికి కూడా చెప్పకుండా బస్సెక్కాడు. దారి పొడుగునా ఏం చూడబోతున్నాడో తనకి తానే చూపించుకుంటూ వెళ్లాడు. టెక్కలిలో దిగేసరికి చూసినంత పనీ అయింది.

మేడమెట్లు ఎక్కితే గుమ్మం బయట బోలెడు చెప్పులు. వాటిలో మగవాళ్లవి రెండు జతలు. కిటికీకి దుప్పటి కట్టారు. లోపలినుంచి నవ్వులు, సినిమా మాటలు. తలుపు తోశాడు. చీకటిలో తలకాయలు తప్ప మొహాలు కనబడలేదు. ఎదురుగా గోడ దగ్గర టీవీ వెలుగుతోంది.

"ఇది సదువుకోడానికిచ్చిన గదా, నేకపోతే..." అని, ఆ తర్వాతి మాట కూడా అనేశాడు. ఆడపిల్లలున్న చోట ఎవరూ అనకూడని మాట అది. ఆ గొంతుకి కింద వీధిలోకి కూడా వినబడే ఉంటుంది. అంటూనే టీవీ వెనక చేతికందిన వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టీవీలో బొమ్మ పోయింది. వైరుతోపాటు స్టూలు మీదున్న నల్లటి పెట్టె ఒకటి జారి, దభీమని గచ్చు మీద పడింది.

ఎవరో లేచి కిటికీ దుప్పటి తీశారు. వెలుతురొచ్చింది. ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఇంటాయన తల్లి నూకాలమ్మ, పక్కన ఆవిడ మొగుడు, ఆ వెనక ఇంటాయన. నేలమీద పక్కగది ఆడపిల్లలు, ఒళ్లో మరమరాల గిన్నెలు. కుర్రాడన్నవాడు ఒక్కడూ లేడు. ఉంటే మాత్రం అంత మాట అనొచ్చా అన్నది ఆయనకి చాలా కాలానికి గానీ తోచలేదు.

నూకాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవులు బాబూ నువ్వు?"

"మా నాన్న, మామ్మా," అంది సౌజన్య.

తల దించుకునే అంది. ఊళ్లో ఆ పిల్ల 'మా నాన్న' అని ఎన్నో వందలసార్లు అనడం ఆయన విన్నాడు. ఇలా అనడం ఎప్పుడూ వినలేదు.

సినిమాకొచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. సౌజన్య గొంతుక్కూచుని, పెట్టెని మళ్లీ కరెంటుకి పెట్టి చెవి దగ్గరకి ఆనించుకుంది. లోపలినుంచి టక్, టక్ మని చప్పుడు. "హార్డ్ డిస్కు పోయిందే," అని చందనతో అంది, తండ్రితో కాదు. ధరణి మొహం చిన్నబోయింది. వాళ్లక్క పెళ్లి వీడియో అందులోనే ఉంది. చందన మంచినీళ్లు తెచ్చి ఇస్తే గోవిందరావు వద్దనలేక తాగి, బస్సుకి టైమైందని చెప్పి బయటపడ్డాడు.

ఇంటికొచ్చి జానకికి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిట్టినా తనవైపే మాట్లాడుతుందనుకున్నాడు. ఆవిడ అంతా విని అడిగింది.

"ఆ కంప్యూటరా? పిల్ల అందరికంటే ముందు మీకే గదా సెప్పింది. మీరు విన్నారనే అనుకుంటంది అది."

అప్పుడు గుర్తొచ్చింది. తోటలో కూలీలతో మాట్లాడుతూ ఉండగా ఫోనొచ్చింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని విన్నాడు. నాన్నా, నేనొకటి తయారుచేశాను అంటూ ఆ పిల్ల ఆయాసపడుతూ చెప్పుకుపోయింది. ఆయన "సరేనమ్మా, సరే, బాగా సదువు" అని పెట్టేశాడు. అదేమిటో ఇప్పుడు జానకి చెప్పింది. ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన చిన్న కంప్యూటర్ పెట్టెని ముగ్గురూ కలిసి చవగ్గా తెప్పించారట. సౌజన్యే విప్పి, మెమరీ ఎక్కించి, గోలపెడుతున్న ఫ్యాను మార్చి, సినిమాలకీ పాఠాలకీ పనికొచ్చేలా చేసిందట. టీవీ ఇంటివాళ్లది. ఇంటర్నెట్ లేని పాతదని మూల పడేస్తే, ఈ పెట్టె తగిలించి మళ్లీ వెలిగించిందట. వాళ్ల టీవీ గనక వాళ్లనీ ఆదివారం సినిమాకి పిలుస్తుందట. మంచం మీంచి దిగి, మెట్లెక్కి మరీ వస్తుందట నూకాలమ్మ.



అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాతి లోడుకి కాశీబుగ్గ వెళ్తే తిరుపతిరావు అందరి ముందూ అడిగాడు, వెళ్లావా బావా అని. "ఎల్లాను. సరిసేసి వచ్చాను," అనేశాడు. రైతులు మెచ్చుకుంటున్నట్టు తలలూపారు. ఆడపిల్లని అలాగే ఉంచాలని ఒకాయన అన్నాడు కూడా. గోవిందరావు డబ్బు కూడా సరిగ్గా చూసుకోకుండా బండెక్కాడు. మొదటిది కోపంలో చేశాడు. ఇది తాపీగా, నిలబడి, పరువు కోసం చేశాడు. మిగిలిన సరుకు ఇంకో కొనుగోలుదారుకి తోలాడు. తిరుపతిరావు ఫోన్ చేసి కారణమడిగితే తూకం సంగతేదో నసిగాడు.

సౌజన్య ఫోన్లో మామూలుగానే మాట్లాడేది. తిన్నారా, అమ్మ నడుం నొప్పి ఎలా ఉంది, వానలు పడ్డాయా. ఆ మామూలుతనాన్ని ఆయన తట్టుకోలేకపోయాడు. ఒకరోజు, విశాఖ నుంచి మంచిది, కొత్తది కొనిపెడతానన్నాడు.

"వద్దు నాన్నా. కొత్తది కొంటే నేను సేసినట్టు ఎలాగవుద్ది? రిపేరుకి ఇత్తాను."

తనూ వస్తానన్నాడు. సౌజన్య రమ్మంది.

టెక్కలిలో రిపేరు షాపుకి వెళ్తూ ఆటోలో పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకొచ్చినప్పుడల్లా రెండు చేతులతో ఎత్తిపట్టుకున్నాడు. షాపతను మొత్తం మార్చేయమన్నాడు. సౌజన్య ఒప్పుకోలేదు. తనే మూత విప్పి, టీవీ వైరు పెట్టే చోటు వంగిపోయిందని, అది మార్చి, డిస్కొకటి వేస్తే చాలని చూపించింది. ఆ వంపు గోవిందరావూ చూశాడు. తను గుంజిన చోటు.

"నాన్నా, ఈ స్క్రూలు పట్టుకో," అంది.

పని ముగిసేదాకా ఆయన గుప్పిట విప్పలేదు. అడిగినప్పుడు విప్పితే అరచేతిలో స్క్రూల అచ్చులు పడి ఉన్నాయి.

తిరిగొచ్చాక కూతుర్ని పైకి పంపి, తను కింద నూకాలమ్మ గుమ్మం దగ్గర ఆగాడు. ఆ రోజు నోరు జారానని, తప్పైపోయిందని అన్నాడు. అంత పెద్ద గొంతూ ఎక్కడికి పోయిందో, ఆవిడకి వినబడలేదు.

"ఏటి బాబూ?"

మళ్లీ చెప్పాడు. లోపల ఇంటాయన, ఆయన భార్య, వంటింట్లో పనిమనిషి అందరూ వినేలా చెప్పవలసొచ్చింది.

"నన్నంటే ఏటవుద్ది, ముసల్దాన్ని," అంది నూకాలమ్మ. "ఆ పిల్లలు నీ మాటకి మా మొకం సూడనేక కిందికి దిగడమే మానేసినారు. ఆళ్లకి సెప్పు."

పైకెళ్లాడు. చందనకీ ధరణికీ చెప్పాడు. ధరణి కంగారుపడి, పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి ఉంది అంకుల్, పర్లేదు అంది. నిజంగా ఉందో, తన మొహం చూసి అందో ఆయనకి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. సౌజన్య వీపు తిప్పి పెట్టెకి మూత బిగిస్తోంది. ఆ వీపుతో ఒక్క మాటా అనలేకపోయాడు.

టీవీ వెలిగింది. సౌజన్య కూర్చోమంటే గుమ్మం పక్కనే గోడకానుకుని కూర్చున్నాడు. ఏదో సినిమా వేశారు. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వు వచ్చే చోట్లు తెలియక, వాళ్లు నవ్వినప్పుడు తనూ పెదవులు కదిపాడు.

బస్సు దాకా సౌజన్య కూడా వచ్చింది. సంచీ అందిస్తూ అంది.

"నాన్నా, ఈసారి వచ్చేటప్పుడు ఫోన్ సేసి రా."

కోపంగా అనలేదు. పాలు పోసే మనిషికి రేపు కాస్త పెందరాళే రమ్మని చెప్పినట్టు చెప్పింది. అలా అడిగే హక్కు ఆ పిల్లకి ఉందని, ఇచ్చింది తనేనని ఆయనకి తెలుసు.

"సరేనమ్మా," అన్నాడు.

బస్సు కదిలేదాకా సౌజన్య అక్కడే నిలబడింది. కిటికీ దగ్గర సీటే దొరికింది గోవిందరావుకి. అయినా అటు చూడలేక, కండక్టరు ఇంకా తన దగ్గరికి రాకముందే జేబులో టికెట్టు డబ్బులు వెతుక్కుంటూ కూర్చున్నాడు.