తునికాకు కళ్లంలో తనిఖీ

భద్రాచలం పొలిమేరలో ఉన్న ఫిజియోథెరపీ కాలేజీకి బొజ్జయ్య అటెండరు. గంట కొట్టేది ఆయనే, అస్థిపంజరానికి దుమ్ము దులిపేది ఆయనే, దులుపుతూ దాన్ని ‘సారూ’ అని పిలిచేదీ ఆయనే. కూతురు యశోద అక్కడే మూడో ఏడు చదువుతోంది. కాబట్టి కాలేజీ గోడకు బీట పడితే బొజ్జయ్య గుండెకు పడ్డట్టే.

ఆ వేసవిలో కౌన్సిల్ తనిఖీ వచ్చిపడింది. కాలేజీ ఆసుపత్రికి రోజూ యాభై మంది రోగులు వస్తేనే గుర్తింపు నిలుస్తుందట. గుర్తింపు పోతే యశోద చదువు బూడిదలో పోసిన పన్నీరే.

“యాభై మందిని తీసుకురా బొజ్జయ్యా. భోజనం పెడతామని చెప్పు,” అన్నాడు ప్రిన్సిపాల్ వెంకటేశ్వరరావు.

“అయితది సార్!” అన్నాడు బొజ్జయ్య.

ఎట్లా అవుతుంది? అవి బీడీలకు తునికాకు కోసే రోజులు. ఏడాదికోసారి దొరికే ఆకు పని వదిలి, పప్పన్నం కోసం వచ్చి మూలిగే పిచ్చివాళ్లు ఆ అడవిలో లేరు. బొజ్జయ్య గూడేలన్నీ కాళ్లరిగేలా తిరిగాడు. తీరా తనిఖీ నాడు వచ్చినవాళ్లు ఇద్దరు. అందులో ఒకాయన పంటి డాక్టరును వెతుక్కుంటూ దారి తప్పినవాడు.

తనిఖీకి వచ్చిన హేమలత మేడం ఖాళీ బెంచీలు చూసి, “రోగులేరీ?” అంది. ప్రిన్సిపాల్ బొజ్జయ్య వైపు చూశాడు.

బొజ్జయ్యకు నోరు ఆగలేదు. “ఆకు కళ్లం కాడ ఉన్నరు మేడం. మా యశోద, దాని దోస్తులు ఆదివారం ఆదివారం ఆడికే పోయి నడుములు చూస్తరు. రాండ్రి, చూపిస్త.”

ప్రిన్సిపాల్ గుడ్లురిమాడు. మేడం మాత్రం జీపెక్కింది. వెనక సీట్లో యశోద గోళ్లు కొరుక్కుంటూ, “నాయినా, నా చదువు మన్నుల కలిపినవ్,” అని గొణిగింది. బొజ్జయ్యకు ఆ మాట నిజంగానే గుచ్చుకుంది.

కళ్లంలో యాభై కాదు, వంద మంది ఆకు కట్టల్ని ఎండకు పేరుస్తున్నారు. నడుం నొప్పులున్నాయా అని మేడం అడిగితే, “ఇప్పుడు తీరిక లేదమ్మా,” అన్నారు. బొజ్జయ్యకు పై ప్రాణం పైనే పోయింది. మేడం నిట్టూర్చి ఫైలు తెరిచింది. పెన్ను జారి కిందపడింది. తీసుకోబోయి వంగింది.

“ఏయ్, ఆగు!” ఆకు పేరుస్తున్న ముసలి జంపక్క ఒక్క ఉదుటున వచ్చి మేడం భుజం పట్టుకుంది. “నడుం గట్ల వంచుతరా? చదువుకున్నదాని లెక్క ఉన్నవ్! మోకాళ్లు వంచు బిడ్డా. ఇంకా దిగు. ఆఁ, ఇప్పుడు తీయ్.”

మేడం బుద్ధిగా గొంతుకూర్చుని పెన్ను తీసింది. తీస్తూ చుట్టూ చూసింది. కళ్లంలో ముసలీ ముతకా ఎవ్వరూ నడుం వంచడం లేదు. అందరూ మోకాళ్లు వంచే దిగుతున్నారు.

“ఇదంతా ఎవరు నేర్పారమ్మా?”

“అగో, గా జీపు కాడి పిల్ల. ఇనకపోతే తిడ్తది.”

మేడం జీపు బానెట్ మీదే ఫైలు పెట్టి ఏదో రాసి సంతకం చేసింది. యశోద తొంగి చూసి పైకి చదివింది: “రోగులను కళ్లంలో చూశాను. వంద మందికి తక్కువ లేరు. గుర్తింపు కొనసాగించవచ్చు.”

బొజ్జయ్య ఆకు కట్టల మధ్య కూలబడి, సంతోషం పట్టలేక చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

జంపక్క ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. “ఏడిస్తే ఏడువు తమ్మీ. నడుం మాత్రం నిటారుగ పెట్టి ఏడువు.”