మామయ్య పూర్వపక్షం

పోయిన నెల విజయవాడ నుంచి తిరువూరు వస్తుంటే బస్సులో నా ముందు సీటాయన ఫోనులో దేశనాయకుడి ప్రసంగం పెట్టాడు. మన దేశం సంగతులూ పరదేశాల సంగతులూ కలిపి నాయకుడు గట్టిగానే ఏదో చెబుతున్నాడు. సీటాయన దేశభక్తి నలుగురికీ పంచాలనుకున్నాడో ఏమో, బస్సంతా మోగేలా పెట్టాడు. మైలవరం దాటేసరికి రెండు వర్గాలు తేలాయి. "మొనగాడండి, ఎవడికీ తల వంచడు" అని ముందు వరసలో ఒకాయన. "మాటలకేముంది బాబూ, టికెట్టు కొట్టక్కర్లేదుగా" అని వెనక నుంచి ఒకాయన. మాటా మాటా పెరిగి తువ్వాళ్లు దులుపుకునే దాకా వచ్చాక కండక్టరు, "ఎవరి దేశం వాళ్లు ఏలుకోండి గానీ, ఎ.కొండూరు వాళ్లు దిగండి" అన్నాడు. నిజం చెప్పాలంటే హారను మోతలో ఆ ప్రసంగంలోని ఒక్క వాక్యం కూడా చివరి దాకా ఎవరికీ వినపడలేదు. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. వినకుండా మెచ్చుకున్నవాళ్లనూ వినకుండా తిట్టినవాళ్లనూ చూస్తుంటే మా మామయ్య గుర్తొచ్చాడు.

మామయ్య అంటే మా అమ్మకు అన్న. తిరువూరులో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. దేవుడు లేడని పెళ్లి పందిట్లో కూడా చెప్పగల మనిషి. అందుకే పెళ్లివాళ్లు ఆయన్ని ముహూర్తానికి కాకుండా భోజనాల వేళకు రమ్మని పిలిచేవారు. ఆయనా సరిగ్గా భోజనాల వేళకే వెళ్లి, ముహూర్తం ఎందుకు నమ్మకూడదో వడ్డించేవాళ్లకు చెప్పి వచ్చేవాడు. కుర్రతనంలో సంస్కరణ సభల్లో తిరిగి, పండితులతో వాదించి, ఓడి, మళ్లీ వాదించి నేర్చుకున్న పద్ధతి ఒకటి ఆయన దగ్గర ఉండేది. అదే పూర్వపక్షం. మన మాట చెప్పే ముందు ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పాలి. దేవుణ్ణి నిలబెట్టడానికి పూర్వులు వాడిన పనిముట్టు ఇది, మనుషుల్ని నిలబెట్టడానికి మనం వాడుకుందాం అనేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన వరండాలో ఈ పద్ధతి నడిచేది. ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు, కాలు వంకర పోయిన బల్ల ఒకటి, పైన కిర్రుమనే ఫ్యాను. ఆ వారం నాయకుడు ఏం చెప్పాడన్నదే విషయం. రైతుల గురించి, ఉద్యోగాల గురించి, సరిహద్దు గురించి, పరాయి దేశాలతో ఒప్పందాల గురించి. నాయకుడంటే గిట్టనివాడు ముందు నాయకుడి పక్షం మాట్లాడాలి. అభిమాని ముందు విమర్శకుడి పక్షం మాట్లాడాలి. ఎదుటివాడు తల ఊపి "అవును, ఇదే నా మాట" అనే దాకా వదలరు. అప్పుడు అత్తయ్య టీ తెస్తుంది. టీ తాగాక ఎవరి సొంత మాట వాళ్లు చెప్పుకోవాలి. టీకి ముందు పూర్వపక్షం, టీ తర్వాత సిద్ధాంతం. అత్తయ్య మాత్రం, "మీరు తారుమారయ్యేదాకా ఆగి టీ పెట్టేసరికి పాలు విరిగిపోతున్నాయి" అని సణిగేది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ నాలుగో కుర్చీ నాదే. తర్కం అంటే గొంతు కాదని, ముందు చెవి అని నాకు తెలిసింది అక్కడే.

మామయ్యకు నిత్య ప్రత్యర్థి మా బాబాయి, నాన్నకు తమ్ముడు. గంపలగూడెం దగ్గర పల్లెలో పత్తి రైతు. సొంత చేను కొంత, దాన్ని ఆనుకుని ఏళ్ల తరబడి కౌలుకు చేస్తున్న నల్ల చేను కొంత. ఆ కౌలు చేనంటే ఆయనకు సొంత చేనుకంటే ఎక్కువ మమకారం. రాళ్లేరి, గట్లు సరిచేసి, పశువుల ఎరువు తోలి దాన్ని మనిషిని చేసినట్టు చేసుకున్నాడు. దేశనాయకుడంటే మహాభక్తి. ఆయన బొమ్మను దేవుడి గదిలో పెట్టలేదు గానీ, ఆ గది బయటి గోడకే పెట్టాడు. మామయ్య దాన్ని చూసి, "ద్వారపాలకుణ్ణి చేశావేంటయ్యా" అనేవాడు. బాబాయి నవ్వి ఊరుకునేవాడు. మామయ్య రాజకీయాన్ని ఒక్క ముక్క నమ్మడు గానీ మామయ్య అనే మనిషిని మాత్రం పూర్తిగా నమ్మేవాడు. ఆ తేడా మాకెవరికీ అప్పుడు పట్టలేదు.

కొన్నేళ్ల కిందటి పత్తి కాలం సంగతి ఇది. ఒక పెద్ద దేశం మన మార్కెట్టు తలుపులు తీయమని ఒత్తిడి చేస్తోందని వార్తలు వస్తున్నాయి. బయటి పత్తి మీద దిగుమతి సుంకం ఉంచుతారా ఎత్తేస్తారా అని మిల్లులవాళ్లూ రైతులూ ఎదురు చూస్తున్నారు. అదే వారంలో నాయకుడు సభలో మాట్లాడుతూ, రైతుల మేలు విషయంలో బయటివాళ్లకు లొంగేది లేదన్న అర్థం వచ్చేలా గట్టిగా చెప్పాడు. మామయ్యకు ఒక అలవాటుంది. టీవీలో చర్చలు మొదలుకాకముందే మూల ప్రసంగం మొత్తం వింటాడు. విని, "పత్తి అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, సుంకం అని అనలేదు, ధర అని అసలే అనలేదు" అన్నాడు నాతో. ఆ మాట ఆ ఆదివారం టీ తర్వాత చెప్పాల్సిన మాట.

ఆ ఆదివారం బాబాయి మోటారుసైకిలు దిగేసరికి చొక్కా మీద పత్తి నూగు ఉంది. మొదటి తీతలు ఇంటికి చేరాయి. బేరగాడు వచ్చి ధర చెప్పి పోయాడు. ఇవ్వాలా, ఆపాలా అన్నది తేల్చుకోవాలి. ఆ యేడు పత్తి సరైన ధరకు పోతేనే కౌలు చేను ఆయన చేతిలో ఉంటుంది. లేదంటే చేను యజమాని వేరేవాళ్లకు ఇస్తానని ముందే చెప్పాడు. ఈ సంగతంతా కుర్చీలో కూర్చుంటూ అత్తయ్యతో అన్నాడే గానీ, మామయ్యను సలహా అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ లేదు.

పద్ధతి ప్రకారం ముందు బాబాయి విమర్శకుడి పక్షం మాట్లాడాడు. ఎప్పుడూ ముక్కుతూ మూలుగుతూ చెప్పేవాడు, ఆ రోజు మాత్రం అదరగొట్టాడు. "సభలో అన్న మాట వేరు, ఆఫీసులో రాసే ఉత్తర్వు వేరు. మిల్లులవాళ్లు ఢిల్లీలో కూర్చుని ఉంటారు, నేను గంపలగూడెంలో కూర్చుని ఉంటా. ఎవడి మాట ముందు వినపడుద్ది? బయటి పత్తి ఓడ దిగిందంటే నా పత్తిని చూసేవాడెవడు? కాబట్టి వచ్చిన ధరకు ఇచ్చేసి ఇంట్లో చాప పరుచుకుని పడుకోవడం మంచిది." మామయ్య నోరు తెరుచుకుని విని, "అవును, ఇదే నా మాట. నాకంటే బాగా చెప్పావు" అన్నాడు.

తర్వాత మామయ్య వంతు. ఆయన లేచి నిలబడ్డాడు. పూర్వపక్షం చెప్పేటప్పుడు కూర్చుని చెప్పడం ఎదుటివాణ్ణి తక్కువ చేయడమని ఆయన లెక్క. "ఒక దేశం నలుగురి ముందు మాట ఇచ్చిందంటే అది పరాయి దేశం చెవిన కూడా పడుతుంది. వెనక్కి తగ్గితే బయట పరువు పోతుంది, లోపల రైతు పోతాడు. రెండూ పోగొట్టుకునేంత తెలివితక్కువవాడు కాదు ఆయన. సుంకం ఉంటుంది. మిల్లులు మన గుమ్మంలోకే రావాలి. ఇప్పుడు తొందరపడి అమ్ముకున్నవాడు నాయకుణ్ణి కాదు, తన పంటనే నమ్మనివాడు." ఆ గొంతులో వెటకారం లేదు. ఉండకూడదు, అదే నియమం. బాబాయి కళ్లు చెమ్మగిల్లాయి. "అవును బావగారూ, ఇదే నా మాట" అన్నాడు.

అత్తయ్య లోపల టీ గిన్నె దించుతోంది. అంతలో ఆకాశం నల్లబడి నాలుగు చినుకులు పడ్డాయి. వాకిట్లో పత్తి ఆరబోసి వచ్చానని బాబాయి గబగబా మోటారుసైకిలెక్కాడు. "టీ తాగి పోవయ్యా" అని అత్తయ్య కేకేసింది. "తడిసిపోద్దక్కయ్యా" అంటూ వెళ్లిపోయాడు. చర్చ సగంలో ఆగింది. ఒక చర్చ సగంలో ఆగితే ఏమవుతుంది, వచ్చే వారం అందుకుంటాం అనుకున్నాం. వచ్చే వారం పత్తి పనులని ఆయన రాలేదు. ఆ పై వారం మామయ్యకు జ్వరం.

అలా వారాలు జారిపోయాక ఒక రోజు మామయ్యా నేనూ షేర్ ఆటోలో బాబాయి ఊరు వెళ్లాం. గుమ్మంలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ముందు గది నిండా కిటికీ ఎత్తున పత్తి. మంచం వరండాలోకి వచ్చింది, టీవీ మంచం మీదికి వచ్చింది. ఇంట్లో పత్తి ఉంటే అగ్గిపుల్ల గీయకూడదు కాబట్టి దేవుడి గదిలో దీపం కూడా ఆరింది. ఎన్నేళ్లు వాదించినా మామయ్య ఆర్పలేని దీపాన్ని పత్తి ఆర్పేసింది. ఇంకో రోజైతే ఆయన ఆ మాట అని నవ్వేవాడే. ఆ రోజు అనలేదు. ఆ ముందు రోజే సుంకం ఎత్తేశారన్న వార్త వచ్చింది. బేరగాడు చెప్పే ధర దిగిపోయింది. పైగా నిలవున్న పత్తి రంగు మారి, తూకం తగ్గుతోంది.

"ఎందుకు ఆపావయ్యా ఇంతకాలం?" అన్నాడు మామయ్య.

"మీరే చెప్పారుగా బావగారూ."

"నేనెప్పుడు చెప్పాను?"

"ఆ ఆదివారం. తొందరపడి అమ్ముకునేవాడు పంటను నమ్మనివాడని."

మామయ్య మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. "అది నా మాట కాదయ్యా. నీ మాట. నీ పక్షాన నేను చెప్పాను. నా మాట టీ తర్వాత చెప్పాల్సింది."

"నా మాటే అనుకోండి. నేను చెప్పుకుంటే నాకే అనుమానం ఉండేది. మా వాళ్లు చెబితే పార్టీ మాట అనుకునేవాణ్ణి. ఆయనంటే గిట్టని మీరే లేచి నిలబడి చెప్పాక ఇంకేం అనుమానం? మీరు నమ్మని మాట చెప్పరని ఊరంతటికీ తెలుసు."

తలుపు దగ్గర నిలబడి వింటున్న పిన్ని ఒళ్లంతా గోక్కుంటూ, "బాగుంది అన్నయ్యగారూ. ఆయన మాట మీరు చెప్పారు, మీ మాట ఆయన చెప్పాడు. ఆయన నోటితో ఆయన చెప్పిందన్నా విన్నాడు కాదు. మీ ఇద్దరి మధ్యా నా ఇంట్లో పురుగులు కాపురం పెట్టినై" అంది. ఎవరూ నవ్వలేదు. పిన్ని నవ్వించడానికి అనలేదు కూడా. అంతకు ముందు రోజే దగ్గర్లోని నెమలి అనే ఊరు వెళ్లి అక్కడి వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకొచ్చిందట. ఆ సంగతీ చెప్పి, "మీరు కోప్పడతారని తెలుసు, అయినా వెళ్లా" అంది. మామయ్య కోప్పడలేదు.

"ఇప్పుడు ఏం చేయమంటారు?" అని బాబాయి అడిగాడు. జీవితమంతా ప్రతి ప్రశ్నకూ జవాబున్న మనిషి "నాకు తెలియదు" అన్నాడు. హేతువాదికి అంతకంటే నిజాయితీ గల మాట లేదని పుస్తకాల్లో రాసుకుంటాం. ఆ పత్తి గది ముందు అది ఎంత చిన్నగా వినపడిందో నాకు మాత్రమే తెలుసు.

పత్తి ట్రాక్టరుకెత్తిన రోజు మామయ్య మళ్లీ వెళ్లాడు. కూలీలతో కలిసి దోసిళ్లతో పత్తి ఎత్తబోతే వాళ్లు మాస్టారిని వద్దని పక్కన కూర్చోబెట్టారు. బండి కదిలాక బాబాయి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "మిగతా సగం ఇప్పుడు చెప్పండి బావగారూ. వింటా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు. మామయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు చెబితే అది వాదన కాదయ్యా. గెలిచానని చెప్పుకోవడం."

ఆ వేసవిలో కౌలు చేను వేరేవాళ్లు దున్నుకున్నారు. బాబాయి నాయకుణ్ణి తప్పు పట్టలేదు, మామయ్యనూ పట్టలేదు. గోడ మీది బొమ్మ అక్కడే ఉంది. నాకు మాత్రం కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. ఒక్క మనిషి మీద కాదు. దేశాన్ని ఏలేవాళ్లు ఏ పార్టీవాళ్లయినా ఒకే వాక్యాన్ని ముగ్గురి కోసం చెబుతారు. పరాయి దేశం భయపడాలి, ఓటరు పొంగిపోవాలి, వ్యాపారి నొచ్చుకోకూడదు. ఆ ముగ్గురికీ ఆ వాక్యం ఎంతవరకు నమ్మాలో తెలుసు. తెలియనిది, దాన్ని తన ఒక్కడి కోసమే అన్నారనుకుని పత్తిని ఇంట్లో పోసుకున్న నాలుగో మనిషికే. ఆ మాట నిలబడుతుందా, ఎన్నాళ్లు నిలబడుతుంది, నిలబడకపోతే ఎవడు మునుగుతాడు అని అడగని ప్రజను పొగడ్తా కాపాడదు, తిట్టూ కాపాడదు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆగలేదు. మామయ్య ఒక్క మార్పు చేశాడు. టీ ముందే ఇచ్చేయమన్నాడు. సిద్ధాంతం చెప్పకుండా ఎవరూ కుర్చీలోంచి లేవకూడదన్నాడు. బాబాయి కూడా వచ్చేవాడు. కానీ మామయ్య ఎదుటి పక్షాన్ని మునుపటంత బాగా చెప్పడం మానేశాడు. ఎక్కడో ఒక చోట ఆగి బాబాయి ముఖంలోకి చూసి, "ఇది నా మాట కాదు, గుర్తుంచుకో" అనేవాడు. అలా ఆగితే పూర్వపక్షం చెడిపోతుందని ఆయనే మాకు నేర్పాడు. చెడిపోయినా సరే అనుకున్నాడు.

ఇప్పుడు ఆ వరండా లేదు, మామయ్యా లేడు. నాయకులు సభల్లో మాట్లాడుతూనే ఉన్నారు, మాట మార్చుకోవడానికి వాళ్లకు ఎప్పుడూ ఇంకో సభ దొరుకుతుంది. ఆ మాట నమ్మి ఆగినవాడికి మాత్రం దాటిపోయిన పత్తి కాలం మళ్లీ దొరకదు.