అటక మీద కంప్యూటర్

2023 వానాకాలం. అరకులో నా రిపేరు షాపులో అప్పటికి పనంతా ఫోన్లదే. పగిలిన గ్లాసులు మార్చడం, తడిసిన స్పీకర్లు ఆరబెట్టడం. బోర్డు మీద 'కంప్యూటర్స్' అన్న మాట చెరపడానికి బద్ధకించి అలాగే ఉంచేశాను. ఒక సంత రోజున మార్తమ్మగారు గోనెసంచి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆవిడ భర్త పౌలు మాస్టారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.

సంచిలో ఉన్నది చూసి చేతిలో ఫోను పక్కన పెట్టేశాను. పుస్తకమంత కంప్యూటర్. సొంత తెర లేదు, టీవీకి తగిలించుకోవాలి. డిస్కూ లేదు, ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీద ఉంటాయి. క్యాసెట్ పెడితే కీచుమని మోత వస్తుంది, ఆ మోతనే మెషీన్ ప్రోగ్రాముగా చదువుకుంటుంది. దీన్ని లోడింగ్ అంటారు. నేను ఈ పనిలోకి వచ్చేసరికే ఇలాంటివి పోయి ఫ్లాపీలు వచ్చాయి. ఆ ఫ్లాపీలు పెట్టుకున్న డబ్బా కూడా ఇప్పుడు నా షాపులో ఎక్కడుందో నాకే తెలియదు. దీని మెమరీలో మన ఫోన్లో తీసిన ఒక్క ఫొటో పట్టదు. అయినా ముచ్చటేసింది.

"ఇంత మసి ఏటమ్మా? ఎక్కడ దాచారు?"

"పొయ్యి మీద అటకలో బాబూ. ఇత్తనాల పక్కన."

మా కొండల్లో విత్తనాలు అక్కడే దాస్తారు, పొగకి పురుగు పట్టదని. విలువైనది కదా అని కంప్యూటర్నీ అక్కడే పెట్టారు. పురుగైతే పట్టలేదు.

ఆవిడ వచ్చిన పని వేరు. మాస్టారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి చెయ్యి లేవదు, ఎడమ చేత్తో రాయలేరు. మనవడు కొనిచ్చిన ఫోన్లో ఒక అక్షరం నొక్కబోతే వణుకుకి నాలుగు పడుతున్నాయి. విసిరి కొట్టారట.

"అటకేసి సెయ్యి సూపిత్తన్నారు బాబూ. అంబలికి చోళ్ళు అడుగుతన్నారనుకున్నాను. దింపి, పొద్దూ మాపూ అంబలి కాసి పోత్తన్నాను. తాగుతన్నారు, మళ్ళీ అటకే సూపిత్తన్నారు. మొన్న నాట్లకి ఇత్తనాలు దింపుతుంటే ఇది బయటపడింది. పట్టుకుని ఒదల్లేదు. ఆయన ఏటి సెప్పాలనుకుంతన్నారో నాకు తెలవాల. దీన్ని ఆడించగలవా?"

చూస్తానన్నాను, అంతకుమించి మాటివ్వలేదు. విప్పితే బోర్డు బాగానే ఉంది. అడాప్టర్ పోయింది, వేరేది పెట్టాను. కీబోర్డు కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర, మెంబ్రేన్ అంటాం, పొయ్యి వేడికి పెళుసెక్కి విరిగిపోయింది. ఆశ్చర్యమేమిటంటే ఆ పొర ఆన్‌లైన్లో దొరికింది, పాత మెషీన్ల మీద మోజున్నవాళ్ళెవరో ఇంకా తయారు చేస్తున్నారు. నాలుగేళ్ళ కిందటి లాప్‌టాప్‌కి పార్టు అడిగితే మాత్రం కంపెనీ వాళ్ళు కొత్తది కొనుక్కోమంటారు. ఒళ్ళు మండుతుంది.

సంచిలో ఉన్న క్యాసెట్ల పెట్టెలు కూడా వేడికి వంకర తిరిగాయి గానీ లోపలి టేపు బాగుంది. వేరే పెట్టెల్లోకి చుట్టి, ఆ మోతను నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను. తర్వాత ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన అయ్యాక, షాపులో పడున్న పాత డబ్బా టీవీ కూడా ఆటోలో వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

మాస్టారు పొయ్యి గదిలో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఫోనుకీ కంప్యూటర్‌కీ వైరు కలిపి మోత మొదలుపెట్టాను. లోడ్ కాలేదు. రెండోసారీ అంతే.

"ఆగిపోనాదేటి?" అన్నారు మార్తమ్మగారు.

మాస్టారు ఎడమ అరచేతిని పైకి లేపారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ లేపారు.

"సౌండ్ పెంచాలా మాస్టారూ?"

తల ఊపారు. పెంచుతూ పోయాను. ఒక చోట చెయ్యి ఆపమన్నట్టు పెట్టారు. ఈసారి లోడ్ అయింది. పిల్లల కోసం ఆయనే రాసిన కూడికల ప్రోగ్రాము. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ముందు 'నీ పేరు?' అని అడుగుతుంది, ఏం కొడితే దాని ముందు 'నమస్తే' చేర్చి చూపిస్తుంది.

మాస్టారి ఒళ్ళో మెషీన్ పెట్టాను. ఒక్కో మీట గట్టిగా నొక్కితేనే దిగుతుంది, వేలు వణికినా పక్కది పడదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు కొట్టారు. మార్తమ్మగారికి ఇంగ్లీషు అక్షరాలు రావు.

"ఏటి రాసేరు? బేగి సెప్పు బాబూ."

తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివాను: "నమస్తే, అంబలి వద్దు."

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. మాస్టారి భుజాలు మాత్రం నవ్వుకి కదులుతున్నాయి. "ఇన్నాళ్ళూ తాగించేసేన్రా దేవుడా! మరేటి కావాల, రాయండి," అని ఆయన పక్కన కూలబడ్డారు. ఆయన మళ్ళీ వేలెత్తారు. ఈసారి కొట్టింది: "టీ."

మర్నాడు ఆయన కోసం గట్టి మీటల కీబోర్డు ఒకటి వెతికి, మనవడి ఫోనుకే తగిలించి ఇచ్చాను. అది పాతికేళ్ళ కిందటిది, నా తుక్కులోనే దొరికింది. అంతకుముందు షాపుకి ఎవరొచ్చినా 'ఏ మోడల్?' అని అడిగేవాణ్ణి. ఇప్పుడు 'దీంతో ఏం చేస్తారు?' అని అడుగుతున్నాను. మార్తమ్మగారింట్లో కూడా ఇప్పుడు అంబలి కాచే ముందు అడుగుతున్నారట.