చెవి మీద బీడీ

మా డిగ్రీ కాలేజీలో బొమ్మల గది అంటే లైబ్రరీ పక్కనున్న పొడవాటి హాలు. గోడలకు విద్యార్థులు వేసిన బొమ్మలుండేవి కానీ, వాటికోసమే వచ్చేవాళ్లు తక్కువ. శంషాబాద్ బస్సు తప్పినవాళ్లు అక్కడే కూర్చునేవారు. టిఫిన్ డబ్బాలు అక్కడే తెరిచేవారు. ఫ్యాన్లన్నీ తిరిగే గది కాలేజీ మొత్తంలో అదొక్కటే. బుధవారం మధ్యాహ్నం మా ప్రార్థన గుంపుకు ఆ గది ఇచ్చేవారు. గుంపు నాయకుణ్ణి నేనే. అందుకని ఒక తాళంచెవి నా దగ్గరుండేది.

మా చర్చి సంఘంలో యేసు ప్రభువు బొమ్మ ఇంట్లో పెట్టుకోరు. గోడకు వాక్యం క్యాలెండర్, అంతే. ఆ పట్టింపు నాకు ఉగ్గుపాలతో వచ్చింది.

ఆఖరి సంవత్సరం, తొంభైల మధ్యలో, కొత్వాల్‌గూడ నుంచి వచ్చే నా క్లాస్‌మేట్ ఒకడు అక్కడ బొమ్మ పెట్టాడు. నులకమంచం మీద ఒక మనిషి, చెవి మీద బీడీ. కింద ఒక స్త్రీ జుట్టు విరబోసుకుని ఆయన పాదాల మీదికి వంగి ఉంది. పక్కన నీళ్ల చెంబు. లూకా సువార్తలో కన్నీళ్లతో ప్రభువు పాదాలు తడిపి, వెంట్రుకలతో తుడిచిన స్త్రీ ఉంది కదా, నాకు కనబడింది ఆమే.

"ప్రభువు చెవిలో బీడీ పెట్టాడు చూడండి," అన్నాను మావాళ్లతో.

"అతన్ని ఒక్కమాట అడుగుదాం బ్రదర్," అంది గుంపులో మైలార్‌దేవ్‌పల్లి అమ్మాయి.

"జనం మొక్కిన బంగారు దూడను పొడి చేసే ముందు మోషే ఎవర్నడిగాడు సిస్టర్?"

అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ నాకెంత తియ్యగా అనిపించిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

శుక్రవారం పొద్దున అందరికంటే ముందొచ్చి, బొమ్మ దింపి, పక్క గదిలో విరిగిన బెంచీల వెనక పెట్టాను.

పదకొండింటికి అతను వాళ్ల నాన్నను తీసుకొచ్చాడు. ఆయన కుడి కాలికి కట్టు, దాని మీద ప్లాస్టిక్ సంచి తొడిగి తాడుతో కట్టారు. చెవి మీద బీడీ. నేను గదిలోనే ఉన్నాను; ఆయన గుమ్మంలో ఉండగానే నాకు అర్థమైపోయింది.

గోడకు మేకొక్కటే ఉంది.

"ఏదిరా?"

"ఈడనే ఉండె బాపూ."

"మీ అమ్మను రమ్మంటె రానన్నది. పుండు కడుగుడు గూడ బొమ్మ గీస్తరా అని సిగ్గువడె," అని నవ్వాడాయన. తర్వాత గోడనే చూస్తూ, "సోమారం దవాఖానల కాలు తీస్తరు. ఇగ రెండు కాళ్లతోని నేను ఉండేది గా బొమ్మల్నే. ఒకపారి జూసి పోదామనుకున్న," అన్నాడు.

తర్వాత నావైపు తిరిగాడు. "బిడ్డా, తాళం నీ తాన ఉంటదంట గద. ఎవలు తీసిన్రో ఎర్కేనా?"

"తెల్వదు బాపూ," అన్నాను.

ప్రభువు నీకు తెలుసు కదా అని, తెలియదన్న పేతురును మూడుసార్లు అడిగారు. నన్ను అడిగింది ఒక్కసారే. పక్క గది పది అడుగులైనా లేదు.

బస్సు టైమయ్యేదాకా ఇద్దరూ ఫ్యాన్ కింద కూర్చున్నారు. ఆయన డబ్బా విప్పి, "తిన్నవా బిడ్డా?" అని జొన్నరొట్టె ముక్క నా చేతిలో పెట్టాడు. తిన్నాను.

బుధవారం ప్రార్థనకు ముందు బొమ్మను మళ్లీ అదే మేకుకు తగిలించాను. ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడు అతనొచ్చి దాన్ని దింపి, దుప్పట్లో చుట్టుకుంటున్నాడు.

"బాపుకు చూపిస్తవా?" అన్నాను.

"ఇగ జూడనంటుండు."

నేను చేసింది చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"మీ బాపు కోసం ప్రార్థన చేస్తం అన్నా," అన్నాను.