ఇంటి చెట్టుకు కట్టిన బస్తా

నేను పుట్టి పెరిగింది ఉంగుటూరులో, వరి పొలాల మధ్య. మాకు పంట అంటే కాళ్ళ దగ్గర ఉండేది. పెళ్ళయి నూజివీడు పక్కన మామిడి తోటలోకి కాపురానికి వచ్చాక పంట నెత్తి మీద ఉండటం చాలా రోజులు వింతగానే అనిపించింది. ఎనభైల మొదటి రోజులవి. మాఘమాసంలో పూత మీదున్న తోటలో మధ్యాహ్నం పూట కూర్చుంటే అది నిద్రా కాదు, మెలకువా కాదు. పూత వాసన, తేనెటీగల రొద, ఆకుల్లోంచి జారి చీర మీద కదిలే ఎండ. ఆ మధ్యాహ్నాల్లో నేను కట్టిన గాలిమేడలకు అంతు లేదు. అన్నిటికీ పునాది మాత్రం ఒక్కటే, మా బావ.

బావంటే మా ఆయనే. మేనత్త కొడుకు. ద్వారబంధం తలకు కొట్టుకోకుండా ఇంట్లోకి రావడం ఆయనకు పెళ్ళినాటికి కూడా పూర్తిగా అలవాటు కాలేదు. బెజవాడ కాలేజీలో చదివేటప్పుడు ఎన్.సి.సి. మాస్టారొకరు ఆ భుజాలు చూసి చేతులకు గ్లోవ్స్ తొడిగించారట. అలా మామిడి తోటల వాళ్ళింట్లో ఒక హెవీవెయిట్ బాక్సర్ తయారయ్యాడు.

నిజం చెప్పొద్దూ, ఆ బరువులో పోటీకి వచ్చేవాళ్ళే తక్కువ. మా బావ రింగులోకి ఎక్కేవాడు, ఎదుటి మూల ఖాళీగా ఉండేది, రిఫరీ ఈయన చెయ్యి పైకెత్తేవాడు, దిగి వచ్చేవాడు. ఇంటికి కప్పు వచ్చేది. అత్తయ్య ఊరంతా మినపసున్నుండలు పంచేది. ఎవర్ని కొట్టావురా అని అడిగితే ఎవర్నీ కొట్టలేదమ్మా అనేవాడు. అంత మంచివాడు నా కొడుకు అని ఆవిడ ఇంకా మురిసిపోయేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

అయితే ఎవరైనా ఎదురు నిలిచినప్పుడు మాత్రం మా బావ ఎడమ చెయ్యి చూసి తీరాల్సిందే. అంత మనిషి కాళ్ళు పిల్లి కాళ్ళలా మెత్తగా కదిలేవి. మద్రాసులో జరిగిన ఒక పోటీలో ఆ చెయ్యిని ఒకాయన చూశాడు. ప్రొఫెషనల్ పోటీలు నడిపించే మనిషి. ముందు మద్రాసులో కొన్ని పోటీలు ఆడిస్తాననీ, కుదిరితే సింగపూరు, బ్యాంకాక్ తీసుకెళ్తాననీ, ఈ దేశంలో ఇంత బరువులో ఇంత చురుకు తాను చూడలేదనీ చెప్పాడట. ఎండాకాలం లోపల మీ ఊరొస్తాను, పెద్దవాళ్ళతో మాట్లాడతాను అన్నాడట.

చిక్కల్లా ఒకటే. డబ్బు పుచ్చుకుని ఒక్కసారి రింగులో దిగితే కప్పుల కోసం ఆడే పాత పోటీల తలుపులు మూసుకుపోతాయి. మళ్ళీ రానివ్వరు. అప్పటికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టుంది. అటు వెళ్తే ఇది పోతుంది. ఇటు ఉండిపోతే సింగపూరు పోతుంది. ఎవరు ఏమన్నా బావ మాత్రం ఔననలేదు, కాదనలేదు. నేను మనసులో ఎప్పుడో ఓడ ఎక్కేశాను. హనుమాన్ జంక్షన్ దాటి పెద్దగా ఎటూ వెళ్ళనిదాన్ని, సముద్రం మీద దీపాలన్నీ వెలిగించుకున్న ఓడలో తిరిగేదాన్ని. ఆ ఓడలోనూ మామిడి పూత వాసనే వచ్చేది.

మా వైపు తోటని పూత మీదే అమ్మేస్తారు. కాయ ఇంకా కళ్ళబడకుండానే, పూత చూసి, బేరం. అమ్మాక ఆ ఏటికి తోట కొన్నవాళ్ళది. వాళ్ళ కాపలా మనుషులు పాకలు వేసుకుని దిగుతారు. మన చెట్టు కింద మన కాళ్ళ ముందు కాయ రాలినా వంగి తియ్యకూడదు. కానీ ఒక్క చెట్టు మాత్రం ఇంటికి వదిలేస్తారు. ఊరగాయకీ, పప్పులోకీ, వచ్చే పోయే చుట్టాలకీ. దాన్ని ఇంటి చెట్టు అంటారు. మా ఇంటి చెట్టు వసారా ఎదురుగానే ఉండేది, పుల్ల కాయ. అత్తయ్య ఆవకాయ పేరు ఆ చుట్టుపక్కల ఎంత మోగేదో, అందులో సగం ఆ చెట్టు చలవే.

మద్రాసు ఆయన వచ్చేలోగా బావ ఒళ్ళు వంచాలి. గోనె బస్తాలో ఇసుకా రంపప్పొట్టూ కూరి కొమ్మకు వేలాడదీద్దామంటే తోటంతా అమ్ముడైపోయింది. కొన్నవాళ్ళ చెట్టు కదిపితే ఊరుకుంటారా? మిగిలింది ఇంటి చెట్టు ఒక్కటే. మన చెట్టేగా, నష్టమైతే మనకేగా అని మావయ్యే తాడు కట్టారు.

దెబ్బ పడ్డప్పుడల్లా పూత రాలేది. నేను అలారం గడియారం ఒళ్ళో పెట్టుకుని చెట్టు కింద కూర్చుని రౌండు అయిపోగానే కంచు గ్లాసు మీద గరిటెతో కొట్టేదాన్ని. గంట అదే. నా తల మీద, భుజాల మీద, గడియారం మీద పసుపుపచ్చగా పూత. దెబ్బల చప్పుడు ఒక వరసలో పడి జోలపాటలా అయిపోయేది. ఒక్కోసారి గంట కొట్టడం మర్చిపోయి ఓడలోకి వెళ్ళిపోయేదాన్ని. బావ చెమటలు కక్కుతూ, "ఏమే, సింగపూరు వచ్చేసిందా?" అని అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది.

పూత పోయింది. ఉన్న కాస్త పిందెలూ ఉగాది దాటేసరికి రాలిపోయాయి. చెట్టు బోడిగా నిలబడింది. తోట ఉన్నవాళ్ళు ఊరగాయకి కాయ కొనడం అత్తయ్య దృష్టిలో తల కొట్టేసినంత పని. కొనరు. అందుకని ఆ ఏడు మా ఇంట్లో కొత్తావకాయ ఉండదని తేలిపోయింది. ఆవిడ జాడీ అడుగున మిగిలిన కిందటేటి ఆవకాయని మాత్రం ఎవరికీ వెయ్యకుండా దాచింది. మద్రాసు వాళ్ళకి పెట్టడానికట.

వాళ్ళు చైత్రమాసం చివర్లో వచ్చారు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే బావ వెళ్ళి తీసుకొచ్చాడు. ఇద్దరు మనుషులు. పోటీలు నడిపించే ఆయన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నవ్వు ముఖం, అన్నీ ఆయనే మాట్లాడేవాడు. రెండో మనిషి ఆయన దగ్గర ఒకప్పుడు ఆడిన బాక్సర్. మా బావంత బరువు కాదు, వయసూ పైబడింది. ముక్కు చదునుగా ఉంది. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడు. నడకలో కొంచెం తడబాటు ఉంది, నేను ప్రయాణం బడలిక అనుకున్నాను.

కాయలు పోసే పందిరి కింద వరిగడ్డి పరిచి, మీద టార్పాలిన్ కప్పి రింగు చేశారు. కాపలా మనుషులు కూడా పాకల్లోంచి వచ్చి నిలబడ్డారు. గ్లోవ్స్ తొడుక్కున్న క్షణంలో ఆ ముసలి బాక్సర్ మారిపోయాడు. తడబాటు ఏమైపోయిందో. మా బావ చెయ్యి వెళ్ళిన చోట ఆయన ఉండేవాడు కాదు. ఒళ్ళంతా కళ్ళే అన్నట్టు కదిలాడు. చివరికి బావ ఎడమ చెయ్యి ఒక్కసారి ఆయన దవడకు తగిలింది. ఆయన ఆగి, పిల్లాడు మొదటిసారి నడిచినప్పుడు చూసినట్టు బావని చూసి నవ్వాడు. మద్రాసు ఆయన మావయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మూడేళ్ళలో మీవాడు ఎక్కడుంటాడో చూడండి అన్నాడు. నా ఓడ కూత వేసింది.

ఎన్నేళ్ళకు కాగితం, ఎన్ని పోటీలు, అన్నీ ఆయన వివరంగానే చెప్పాడు. ఆ ఏళ్ళలో పోటీలన్నీ తన చేతి మీదే జరగాలి, ఎక్కడ ఎవరితో ఆడాలో తను చెప్పినట్టే. మావయ్య ఓపిగ్గా విన్నారు. ఆయనకు తెలిసిన బేరం ఒకటే.

"ఇదీ పూత మీద బేరం లాంటిదేనండీ. బాగానే ఉంది. మరి ఇంటికి ఏ చెట్టు వదుల్తారు?" అన్నారు.

మద్రాసు ఆయనకు అర్థం కాలేదు. నవ్వేసి, చెట్లెందుకండీ, మీకు తోటలే కొనిపెడతాడు అన్నాడు. మావయ్య కూడా నవ్వారు. మాట అక్కడే ఆగింది. అత్తయ్య భోజనానికి లేవమంది.

వసారాలో విస్తళ్ళు వేశాం. ముద్దపప్పు, నెయ్యి, దాచిన ఆవకాయ. ముసలి బాక్సర్ మొదటి ముద్ద కలుపుతుంటే వేళ్ళు వణికాయి, సగం విస్తట్లోనే జారింది. తిని, తల ఎత్తి, ఎంతో ఇష్టంగా అడిగాడు.

"ఇది ఏ చెట్టు కాయమ్మా?"

"అదిగోనండీ అన్నయ్యగారూ, బస్తా వేలాడుతుందే, ఆ చెట్టుదే" అంది అత్తయ్య, వేలు చూపించి.

ఆయన చెట్టు వైపు చూశాడు. బాగుంది అన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మళ్ళీ తల ఎత్తాడు. ముఖంలో అదే ఇష్టం, అదే కొత్తదనం.

"ఇది ఏ చెట్టు కాయమ్మా?"

అత్తయ్య ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొదటిసారి చెప్పినట్టే, అదే మాట, అదే గొంతుతో చెప్పింది. ఆయన చూశాడు, బాగుంది అన్నాడు. భోజనం అయ్యేలోపు ఎన్నిసార్లు అడిగాడో. అడిగినప్పుడల్లా అత్తయ్య విసుక్కోకుండా వేలు చూపించి చెప్పింది. మద్రాసు ఆయన పెరుగు కలుపుకుంటూ, వాడికి కాస్త మతిమరుపులెండి, దెబ్బలు తిన్న బుర్ర, రింగులో మాత్రం ఏదీ మర్చిపోడు అని నవ్వాడు.

మా బావ విస్తట్లో అన్నం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని మెట్లు దిగి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. తాడు ముడి విప్పి బస్తాని నెమ్మదిగా కిందికి దించాడు, నిద్రపోయే పిల్లని దించినట్టు. తిరిగొచ్చి మద్రాసు ఆయన ముందు నిలబడి, "నేను రానండి" అన్నాడు. ఆయన ఎంత బతిమాలినా, కోప్పడినా అంతకు మించి ఒక్క ముక్క పెదవి దాటలేదు. సాయంత్రం బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్తూ ముసలాయన గేటు దగ్గర ఆగి ఆ చెట్టు వంక చూసి, కాయల్లేవేం అని అడిగాడు.

నాకు మాత్రం కోపం వచ్చింది. నాతో ఒక్క మాట అనలేదన్న కోపం. ఆ ముసలాయనంటే జాలి లేక కాదు. గొంతుదాకా ఉంది. కానీ అందరూ అలా అవుతారా, నా మొగుడి ఎడమ చెయ్యి అందరి చెయ్యిలాంటిదా అని లోపల రగిలిపోయేదాన్ని. ఉద్యోగం వచ్చింది. బెజవాడలో చిన్న వాటా తీసుకున్నాం. బావ ఆఫీసు తరఫున ఆడటం మొదలుపెట్టాడు, ఎప్పటిలా ఎదుటి మూల ఖాళీగా ఉన్న పోటీలు గెలిచాడు. నేను వండి పెట్టేదాన్ని, మాట్లాడేదాన్ని, కానీ ఆ సంగతి ఎత్తేదాన్ని కాదు. ఆయనా ఎత్తలేదు.

మరుసటేడు ఇంటి చెట్టు విరగగాసింది. ఒక ఏడు కాపు లేని కసి తీర్చుకున్నట్టు కొమ్మలు నేలకు వంగాయి. సెలవు పెట్టుకుని వెళ్ళాం. అత్తయ్యా నేనూ కాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, కలిపాం. మూడో రోజు జాడీ తిరగగలిపి మధ్యాహ్నం అదే వసారాలో బావకి వడ్డించాను. అత్తయ్య లోపల ఉంది. తోటలో గాలి లేదు, ఎండలో చెట్లు కునికిపాట్లు పడుతున్నాయి. బావ మొదటి ముద్ద తిని, తల ఎత్తి నావైపు చూశాడు.

"ఇది ఏ చెట్టు కాయే?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ముఖంలోకి చూశాను. ఏం కనిపిస్తుందోనని చూశాను. నాకు తెలియకుండానే వేలు అటు లేచింది.

"అదిగో బావా, బస్తా వేలాడేదే, ఆ చెట్టుదే."

నా గొంతు నాకే అత్తయ్య గొంతులా వినిపించింది.

"నాకు తెలుసే, నువ్వూ అమ్మలాగే చెప్తావు, విసుక్కోవు. ఎన్నిసార్లడిగినా చెప్తావు. ఆ రోజు అది తలుచుకునే భయమేసింది నాకు" అన్నాడు.

ఏడాది కోపం ఏమైందో తెలియదు. ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను. ఇంకెప్పుడూ ఆ మాట నన్ను అడగొద్దు, తమాషాకి కూడా అడగొద్దు అన్నాను. అడగనన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఇప్పటికీ కొత్తావకాయ పెట్టిన రోజు ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల ఎత్తేదాకా నేను ఊపిరి బిగపట్టుకునే ఉంటాను. ఆయన కారం ఎక్కువైందంటాడు. అప్పుడు నేనూ కంచం పెట్టుకుంటాను.