ఎడమ బొటనవేలి ఆజ్ఞ

ఇది నేను ఇన్నేళ్లు రాయలేదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. ఎవరితోనైనా చెప్పి రాయించవచ్చు కదా అని చర్చి సంఘంలో వాళ్లు అడిగేవారు. ఒకసారి ఇంకొకరి మాటల కింద నా వేలిముద్ర పడింది. అప్పటి నుంచి నా మాటను మరో చేతికి ఇవ్వాలంటే భయం.

అప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. నా పుట్టిల్లు కోరుట్ల. బీడీలు చుట్టడం అక్కడ నేర్చుకున్నాను, దేవుణ్ని నమ్ముకున్నది సిరిసిల్లకు వచ్చాకే. మా వాడలో చదువు రాని మా ఏడుగురికి పాస్టరమ్మ పది ఆజ్ఞలను వేళ్ల మీద నేర్పింది. కుడి చిటికెన వేలితో మొదలుపెట్టాలి. కుడి బొటనవేలికి అయిదోది, తల్లిదండ్రులది. ఎడమ బొటనవేలికి ఆరోది, చంపొద్దన్నది. ఎడమ ఉంగరపు వేలికి తొమ్మిదోది, పొరుగువాడి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పొద్దన్నది. ఆకు చుడుతూ వేళ్లు కదిలినప్పుడల్లా అవే అనుకునేవాళ్లం. పదీ తప్పు లేకుండా మొదట చెప్పింది నేనే. ఆ గర్వం నాకు ఉండేది.

నక్సలైట్లను మేము అన్నలనేవాళ్లం. వాళ్లు తిరిగే రోజులవి. జగిత్యాల వైపు నుంచి చుట్టాలు వచ్చినా వాడంతా తలుపు సందుల్లోంచి చూసేది. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. వాటి మోతలో పోలీసు జీపు వచ్చిన చప్పుడు వినపడదు. వాడలో మాటలు ఆగిపోతే, వచ్చిందని తెలిసేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరు కొత్తవాళ్లు నా గడపలో నీళ్లడిగారు. ఇచ్చాను. పక్కింటి అరుగు మీద కూర్చుని తాగి, చెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయారు. ఆ ఇంటాయన అప్పుడు సాంచల మీద పనిలో ఉన్నాడు. ఆయనను నేను అన్నా అని పిలిచేదాన్ని.

మూడో రోజు జీపు వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ నా ముందుకొక కాగితం తెచ్చాడు.

"గా అరుగు మీద కూసున్నోళ్లను సూసినవా?"

"సూసిన, సారూ."

"గంతే. గీడ వేలు పెట్టు."

"ఏం రాసిండ్రు సారూ?"

"సదువస్తదా నీకు? రాకపాయె, ఇగ అడుగుడెందుకు?"

నీళ్లు ఎవరిచ్చారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. బీడీ కార్ఖానాలో ఆకు, తంబాకు తీసుకున్నప్పుడల్లా ఏం రాశారో అడగకుండా వేలు చాపడం నాకు అలవాటు. ఎడమ బొటనవేలు దానంతటదే ముందుకు వెళ్లింది. ఆయన దాన్ని సిరాలో ఒత్తి, కాగితం మీద దొర్లించాడు.

పొద్దు వాలుతుండగా పక్కింటామె వచ్చి గడప బయటే నిలబడింది.

"మీ అన్నను సాంచల కాడ పట్టుకపోయిండ్రు, చెల్లె. మా ఇంట్ల అన్నలకు అన్నం పెట్టిండని రాసిండ్రట. సూసినవని నీ వేలున్నదట."

"నేను గట్ల చెప్పలె, వదినె."

"సరే, నువ్వు చెప్పలె. మరి వేలెవలిది?"

వెళ్లిపోయింది. అలా పట్టుకుపోయిన వాళ్లలో కొందరు రెండు రోజుల తర్వాత ఎన్‌కౌంటర్లో చచ్చారని పేపర్లో ఫొటోగా కనబడేవారు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆజ్ఞలు చెప్పే వంతు నాది. కుడి చెయ్యి అయిపోయింది. ఎడమ బొటనవేలు లేపాను. కిరసనాయిలుతో రుద్దినా గీతల్లో సిరా నల్లగానే ఉంది. ఆరోది చెప్పకుండానే వేలు మడిచేశాను.

"ఆరోది మర్శినవా? పది నోటికస్తయని గొప్పలు పోతుంటివి కదనే," అని పక్కనున్నామె నవ్వింది.

జరిగింది చెప్పాను. ఒకామె లేచి తలుపు గొళ్లెం పెట్టింది.

"క్షమించుమని అడుగుదాం బిడ్డా, దేవుడు దయగలోడు," అంది పాస్టరమ్మ. "ఠాణాకు మాత్రం పోకు. నీళ్లిచ్చిన్నంటే నిన్ను ఇడుస్తరా?"

"మరి ఆయనను ఇడుస్తరా?"

పాస్టరమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. అందరూ నా కోసం ప్రార్థన చేశారు. క్షమాపణ దొరికే ఉంటుంది. కాగితం మీద ముద్ర మాత్రం అలాగే ఉంది. ఆజ్ఞలను పది వేళ్లతో అందుకున్నానని అన్నాళ్లూ మురిసిపోయాను. కార్ఖానాలో ఆకు కూడా అలాగే అందుకునేదాన్ని. కానీ అందుకున్న ఆకు బీడీ కాదు, కూర్చుని చుట్టాలి. ఆజ్ఞల విషయంలో నేను ఇంకా కూర్చోనే లేదు.

మర్నాడు పొద్దున, తడిపి పెట్టిన ఆకు ఎండిపోకుండా గుడ్డలో చుట్టి పాస్టరమ్మకు ఇచ్చాను. ఎప్పుడు వస్తావని ఆమె అడగలేదు. వాళ్లు అరుగు మీద వదిలిన నా చెంబు తీసుకుని ఠాణాకు నడిచాను. హెడ్ కానిస్టేబుల్ నన్ను లోపలికి రమ్మని, నా వెనక తలుపు మూశాడు. వెనక గదిలో ఎవరో దగ్గారు. సాంచల దూది పట్టిన పక్కింటి అన్న దగ్గు అది, నాకు తెలుసు.

"కాగితం మీద వేలు నాది సారూ, మాట నాది కాదు. వాళ్లకు నీళ్లిచ్చింది నేను."

"మల్ల చెప్పు," అన్నాడు ఆయన, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ.

చెంబు బల్ల మీద పెట్టాను. వెనక గదికి వినపడేలా మళ్లీ చెప్పాను.