ఆవుల దగ్గర ఇరవై డిగ్రీలు

గ్రునిట్స్ సరస్సు ఒడ్డున మా ఊరి స్నానాల రేవుకు కిలియన్ కాపరిగా వచ్చి ఈ వేసవికి ముప్పై ఒక్క ఏళ్లు. పొద్దున్నే ఏడింటికి గేటు తీస్తాడు. చెక్కవంతెన మీద బాతులు చేసిన పాడంతా చీపురుతో కడుగుతాడు. తరవాత చెక్క గొట్టంలో బిగించిన థర్మామీటరుకు తాడు కట్టి నీళ్లలోకి వదులుతాడు. వాచీ చూడడు. ఒక పరలోకజపం, రెండు మంగళవార్త జపాలు చెప్పుకుని పైకి లాగుతాడు. అంకె చూసి నల్లబల్ల మీద సుద్దతో రాస్తాడు. రాసేటప్పుడు రెండు కలుపుతాడు.

ఆ రెండూ ఎందుకని ఒకసారి అడిగాను. రేవులో కాఫీ, సాసేజీలు అమ్మే కిటికీ నాది. బల్ల నా కిటికీ పక్కనే కాబట్టి అడగవచ్చనుకున్నాను.

“ఒకటి ఎండకి, ఒకటి దేవుడి దయకి” అన్నాడు.

“నీళ్లకి ఏమీ లేదా?”

“నీళ్లది నీళ్లకి ఇచ్చానుగా. పైన రెండే నావి.”

కిలియన్‌కు అబద్ధాలాడే గుణం లేదు. అతను కొత్తగా పనిలో చేరిన వారంలోనే ఒక తండ్రి ముగ్గురు పిల్లల్నీ, గాలి ఊదిన రబ్బరు మొసలినీ వెంటేసుకుని వచ్చాడట. బల్ల మీద పదహారు చూసి, మొసలిలో గాలి తీసేసి, పిల్లల్ని వెనక్కి తోలుకుపోయాడట. ఆ మొసలి నిట్టూర్పు కిలియన్ చెవుల్లో ఉండిపోయింది. ఏడాదికి రెండు వారాల సెలవు దొరికేవాడు ఒక అంకె చూసి వెనుదిరిగితే ఆ పాపం రాసినవాడిదే కదా అని మర్నాటి నుంచి రెండు కలపడం మొదలుపెట్టాడు. దిగినవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. నీలిరంగు పెదవులతో ఒకరికొకరు బాగుందంటే బాగుందని చెప్పుకునేవారు.

తను మాత్రం ఏనాడూ దిగలేదు. చలి. ఆగస్టులో కూడా చెప్పుల్లోకి ఉన్ని మేజోళ్లు వేస్తాడు. ముగ్గురు మగవాళ్లనీ, ఒక పొట్టికాళ్ల కుక్కనీ, ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచిన ఒక పెళ్లికూతురినీ మునగకుండా కాపాడాడు. అందరినీ పొడుగు గెడతోనే.

ప్రతి శనివారం సాయంత్రం గుడిలో ఆ వారం కలిపిన డిగ్రీలకు పాపసంకీర్తనం చేసేవాడు, అంటే తెర వెనక కూర్చున్న ఫాదర్‌కు పాపం ఒప్పుకునేవాడు. అతనికి చెవులు మందం, కాబట్టి గొంతు పెద్దది. వెనక బల్లల మీద వంతు కోసం కూర్చున్న మేము, వినకూడదు కనుక, గట్టిగా జపమాల అందుకునేవాళ్లం. మేము గొంతు పెంచితే అతనూ పెంచేవాడు. “ఈ వారం పద్నాలుగు, ఫాదర్!” అని గుడి కప్పు దాకా వినబడేది. పాత ఫాదర్ ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు వేసి పంపేసేవారు.

ఈ వసంతంలో ఆయన స్థానంలో సెవెరిన్ ఫాదర్ వచ్చారు. వయసులో చిన్నవారు, తూర్పున మైదానాల మనిషి. అక్కడి సరస్సు మోకాలి లోతు, గోరువెచ్చని చారులా ఉంటుందట. జూలైలో ఒక పొద్దున బల్ల మీద ఇరవై చూసి, చెక్కవంతెన చివరి నుంచి ఎగిరి దూకారు. పైకి లేచి ఆయన వేసిన కేక ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు. నా కిటికీ దగ్గరికొచ్చి కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నా అది నోటిదాకా చేరలేదు.

“ఇరవై అని రాసి ఉంది కదమ్మా?”

“రాసి ఉంది, ఫాదర్” అన్నాను. రాసే ఉంది మరి.

ఆ శనివారం కూడా కిలియన్ తన లెక్క చెప్పాడు. తరవాత ఫాదర్ గొంతు. కిలియన్‌కు వినబడాలంటే ఆయనా అరవక తప్పలేదు, పాపం.

“సోమవారం నుంచి ఆగస్టు పదిహేను మరియమ్మ మోక్షారోపణ పండగ దాకా సరస్సులో ఎంతుంటే అంతే రాయాలి! ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ వద్దు!”

మేము జపమాలలో ఎక్కడున్నామో మరిచిపోయి మళ్లీ మొదటి పూస నుంచి అందుకున్నాం.

సోమవారం వర్షం. మంగళవారం కొండల మీద మంచు. బల్ల మీద పదహారు. రేవులో నేనూ, కిలియనూ, బాతులూ. సరిగ్గా ఆ శుక్రవారమే ఒట్టీలియె అమ్మగారు వచ్చారు.

ఆవిడ భర్త వియన్నాలో కంటి డాక్టరు. ఆయన పోయి చాలా ఏళ్లైనా మాకు ఆవిడ డాక్టరమ్మగారే. డెబ్బై తొమ్మిదేళ్లు. ప్రతి ఆగస్టులో పది రోజులు రొట్టెల కొట్టు మీది గదిలో ఉంటారు. పసుపు రబ్బరు పూలు కుట్టిన టోపీ పెట్టుకుని వచ్చి ముందు బల్ల చూస్తారు. ఇరవై ఉంటేనే దిగుతారు. “ఇరవై లోపైతే అది స్నానం కాదు, శిక్ష” అనేవారట డాక్టరుగారు. పోయినవాళ్ల ఫొటో దాచుకున్నట్టు ఆవిడ ఆ మాట దాచుకున్నారు. ఇన్నేళ్లూ ఆవిడ దిగిన ఇరవైలన్నీ పద్దెనిమిదులే. అది ఆవిడకు తప్ప ఊరంతటికీ తెలుసు.

“ఏం కిలియన్, పదహారేనా?”

“పదహారేనండి.”

“మరి రేపో?”

“దేవుడి చిత్తమండి.”

“దేవుణ్ణి తరవాత అడుగుతాను. ముందు నీకు తెలిసింది చెప్పు.”

టోపీ తీయకుండా బెంచీ మీద కూర్చునేవారు. నేను కాఫీ, రేగుపళ్లలా పుల్లగా ఉండే ఆల్‌బకరా కేకు ఇచ్చేదాన్ని. రోజుకో ముక్క చొప్పున ఏడు ముక్కలు అయ్యాయి. మరుసటి గురువారం ఎండ కాసింది, నీళ్లు పదిహేడుకు వచ్చాయి. ఆదివారం ఆవిడ తిరుగు రైలు.

“మా అమ్మాయి ఇంక నన్ను ఒంటరిగా పంపనంటోంది” అన్నారు కేకు ముక్కను ఫోర్కుతో పొడుస్తూ. “ఇదే ఆఖరుసారి. ఒక్కసారి ములిగి వెళ్తే చాలనుకున్నా. సరస్సుకి కూడా నా మీద మనసు లేదు, ఏం చేస్తాం.”

ఆ మాట కిలియన్ చెవిలో నేనే అరిచి చెప్పాను. అతను తింటున్న సాసేజీని ఆవాల ముద్దలో అలాగే నిలబెట్టేశాడు.

“రాసెయ్యవయ్యా ఇరవై. పాపంలో సగం నాకు ఇయ్యి” అన్నాను.

“పాపమేమన్నా కేకా, కోసి పంచుకోడానికి?”

“అయితే ఆవిణ్ణి అలాగే పంపేస్తావా?”

“పంపను. అబద్ధమూ రాయను.”

రొట్టెల కొట్టాయన థర్మామీటరును కాఫీలో ముంచమన్నాడు. నేను రెండు కెటిల్స్ నిండా నీళ్లు మరగబెట్టి చెక్కవంతెన మీంచి సరస్సులో పోశాను. ఒక బాతు నా వంక జాలిగా చూసింది. అంకె కదల్లేదు.

శుక్రవారం పూజ అయ్యాక కిలియన్ గుడిమెట్ల మీద ఫాదర్‌ని ఆపాడు.

“ఫాదర్! సరస్సులో ఎంతుంటే అంత అన్నారు. సరస్సులో ఎక్కడ అన్నది చెప్పలేదు!”

ఫాదర్ కాస్త ఆలోచించారు. “ఎక్కడైనా సరే, సరస్సైతే చాలు. కాఫీ కప్పు మాత్రం సరస్సు కాదు” అన్నారు. కొట్టాయన సలహా ఆయన దాకా వెళ్లిపోయిందన్నమాట.

ఆ మధ్యాహ్నం నుంచి కిలియన్ పడవ వేసుకుని ఇరవై కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఒక చోట ఆగుతాడు, తాడు వదులుతాడు, జపం చెప్పుకుంటాడు, లాగుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. నాకు వినబడాలని అంకె అరుస్తాడు. గుడి నీడలో పదహారు. పడవల షెడ్డు పక్కన పదిహేడు. కొండవాగు వచ్చి కలిసే చోట పదకొండు. అక్కడ మాత్రం అంకె అరిచాక సిలువ గుర్తు కూడా వేసుకున్నాడు. చీకటి పడేలోపు సరస్సు సగం కొలిచాడు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చాడు. ప్యాంటు తొడల దాకా తడిసిపోయి ఉంది, మేజోళ్లు జేబులో ఉన్నాయి. అతను నీళ్లలో దిగాడని అర్థమై నేను గరిటె కింద పెట్టేశాను. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి రాశాడు:

నీరు 17. ఆవుల దగ్గర 20.

డాక్టరమ్మగారు అది రెండుసార్లు చదివారు. లేచి నిలబడి, టోపీ పట్టీ గడ్డం కింద బిగించారు.

“పడవ ఎటుంది?”

నేను కిటికీ మూసేసి వాళ్లతో పాటు ఎక్కాను. సాక్షి ఉండాలి కదా.

రెల్లు వెనక ఆవులు మేపుకునే నోట్‌బుర్గా అనే ఆవిడ పొలం సరస్సులోకి ఒరిగే చోట లోతులేని మడుగులాంటి జాగా ఉంది. అడుగున నల్లటి బురద, ఎండ పడితే త్వరగా వేడెక్కుతుంది. నోట్‌బుర్గా ఆవులు తొమ్మిదీ ఈగల బాధ పడలేక పొట్టల దాకా నీళ్లలో నిలబడి నెమరేస్తున్నాయి. నోట్‌బుర్గా ఒడ్డున కర్ర పట్టుకుని కూర్చుని ఉంది.

“ఏంటయ్యా కిలియన్, పొద్దున్న ఒక్కడివే వచ్చావు, ఇప్పుడు ఊరిని తెచ్చావా?”

“డాక్టరమ్మగారికి ఇరవై కావాలమ్మా!”

“అయితే ఆ మచ్చలదాని పక్కన నుంచోమను. దానిది వేడి ఒళ్లు.”

డాక్టరమ్మగారు పడవ అంచు పట్టుకుని నీళ్లవంకా, ఆవులవంకా చూశారు.

“కిలియన్, నిజం చెప్పు. ఈ ఇరవైలో సరస్సు ఎంత, ఆవు ఎంత?”

“అది తెలీదండి. నేను కొలిచింది మాత్రం రెండూ కలిపే.”

ఆవిడ నవ్విన నవ్వుకు ఒక దూడ తల తిప్పింది. మర్యాదగల దూడ, మళ్లీ అటు తిరిగి తన పని చూసుకుంది. కిలియన్ ముందు దిగి చెయ్యి అందించాడు. అతని పళ్లు కొట్టుకుంటున్నా చెయ్యి మాత్రం కదలలేదు. ఆవిడ ఒక్కో అడుగూ వేస్తూ, “అబ్బ… అబ్బ… ఆ… ఇరవయ్యే” అంటూ మెడ దాకా కూర్చున్నారు. మచ్చల ఆవు మెల్లగా వచ్చి టోపీ వాసన చూసి, ఒక పసుపు పువ్వు పీకి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, ఇదేం పువ్వే తల్లీ అన్నట్టు ఆవిడ భుజం మీద ఉమ్మేసింది.

“క్షమించండమ్మా, దానికి పట్నం తిండి అలవాటు లేదు” అంది నోట్‌బుర్గా.

“పరవాలేదు, మా ఆయనకీ ఆ టోపీ నచ్చేది కాదు” అన్నారు డాక్టరమ్మగారు. వెల్లకిలా తేలుతూ రెండు ఆవుల మధ్య నుంచి ఆకాశం చూడసాగారు. నేను పడవలో కూర్చుని దేవుడికి తొమ్మిది ఆవుల పేరునా విడివిడిగా వందనాలు చెప్పుకున్నాను.

నాలుగింటికి పాలు పితికే వేళైంది. నోట్‌బుర్గా ఒక్క కేక వేసేసరికి ఆవులు ఒకదాని వెనక ఒకటి ఒడ్డెక్కాయి, ఒక్కోటీ తన వేడి తాను తీసుకుని. నడుం లోతులో నిలబడ్డ కిలియన్ చేతిలో థర్మామీటరు ఉంది. దాని వంక చూసి అతని ముఖం పాలిపోయింది.

“డాక్టరమ్మగారూ…”

“ఏంటి?”

“ఆవులు వెళ్లిపోయాయండి.”

“చూశాను.”

“అంచేత ఇప్పుడు… పందొమ్మిదిన్నర. పందొమ్మిదికి దగ్గరవుతోందండి. చెప్పకుండా ఉండలేను.”

ఆవిడ బోర్లా తిరిగి, రెల్లు అవతల మెరిసే లోతు నీళ్ల వంక చూశారు. అక్కడ పదిహేడని ఆవిడకు తెలుసు. ఇందాకే బల్ల మీద చదివారు.

“మా ఆయనకి ఇరవై చూపించేశాం కదా కిలియన్” అన్నారు. “ఇక మిగతా సరస్సు నాది.”

అటే ఈదుకుంటూ వెళ్లారు, మెల్లగా, గడ్డం పైకెత్తి. తన కాపలాలో ఎవరూ ఒంటరిగా ఈదకూడదన్నది కిలియన్ నియమం. గెడ రేవులోనే ఉండిపోయింది. అతను నా వంక ఒకసారి దీనంగా చూసి, థర్మామీటరు నా ఒళ్లో పెట్టి, గట్టిగా పరలోకజపం అందుకుని మెడ దాకా దిగిపోయాడు.